ఎఫెసు నాణేలకు చింతపండు

ప్రేమజ్యోతి చెడ్డమనిషని ఎవరూ అనలేరు. క్రైస్ట్‌చర్చ్‌లో ఆమె పనిచేసే రెస్ట్ హోమ్‌లో ముసలివాళ్ళను అడిగినా, రిక్కార్టన్‌లో ఆదివారం తెలుగు ఆరాధనకు వచ్చేవాళ్ళను అడిగినా బంగారం లాంటి మనిషి అనే చెబుతారు. ఎవరికి జ్వరమొచ్చినా మిరియాల చారు కాచి పంపుతుంది. కొత్తగా దిగిన పిల్లలకు దుప్పట్లిస్తుంది, ఫ్లాట్ వెతికిపెడుతుంది, ఉద్యోగం దొరికేదాకా అన్నం పెడుతుంది. ఒక్కటే లోపం. తన చోట ఇంకొకరు కూర్చుంటే ఆమెకు ఊపిరాడదు. యాభయ్యో పడిలో పడేదాకా ఆ సంగతి ఆమెకే తెలియదు, ఎందుకంటే అప్పటిదాకా ఆమె చోట ఎవరూ కూర్చోలేదు.

ఆ చోటు ఏదంటారా, కార్‌మైకేల్ ప్రొఫెసరుగారి మంచం పక్కన ఉన్న కుర్చీ.

ప్రొఫెసరుగారు ఒకప్పుడు యూనివర్సిటీలో రోము చరిత్ర పాఠం చెప్పిన మనిషి. పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ, సగం ముఖమూ, మాటా పోయాయి. మాట పూర్తిగా పోతే ఆయనకే సుఖంగా ఉండేదేమో. నోటినిండా అన్నం కుక్కుకుని మాట్లాడుతున్నట్టు ఏవేవో శబ్దాలు వచ్చేవి. డాక్టర్లు తల ఊపి వెళ్ళిపోయేవాళ్ళు. వెల్లింగ్టన్ నుంచి కూతురు ఫోన్ చేసి, రెండుసార్లు మళ్ళీ చెప్పమని, మూడోసారి అర్థమైనట్టు నటించి పెట్టేసేది. ప్రేమజ్యోతి మాత్రం ఆయనకు స్నానం చేయిస్తూ, గడ్డం గీస్తూ, పక్క సర్దుతూ ఆ శబ్దాలకు చెవి అలవాటు చేసుకుంది. ఏడాది తిరిగేసరికి ఆయన అన్నదల్లా ఆమెకు అర్థమయ్యేది. ఇక ఆయన నోరు తెరిస్తే చాలు, మేనేజరు దగ్గర్నుంచి డాక్టరు దాకా అందరూ "జ్యోతిని పిలవండి" అనేవాళ్ళు. ఆ రెండు ముక్కలు వినబడినప్పుడల్లా కారిడార్లో ఆమె నడక మారిపోయేదని తోటివాళ్ళు నవ్వుకునేవాళ్ళు. మారిపోయేది నిజమే.

ఆయన దగ్గర ఒక చెక్క పెట్టె ఉంది. అందులో వెల్వెట్ పరిచిన పళ్ళెం, పళ్ళెం నిండా నల్లగా, పసరు రంగుగా ఉన్న కంచు నాణేలు. మొదటిసారి చూసినప్పుడు ఆమె పెద్దగా పట్టించుకోలేదు. ఆయన ఎడమచేతి వేలితో ఒక్కొక్కటీ చూపిస్తూ ఊళ్ళ పేర్లు చెప్పేసరికి చీపురు పక్కన పెట్టేసింది. ఎఫెసు, స్ముర్న, పెర్గము. చిన్నప్పుడు తెనాలిలో సండేస్కూల్లో వరుసగా అప్పజెప్పిన పేర్లవి. ఆ ఊళ్ళు నిజంగా ఉన్నాయనీ, అక్కడ మనుషులు చేపలు కొని, ఈ బిళ్ళలే ఇచ్చి చిల్లర తీసుకున్నారనీ ఆమెకు ఏనాడూ తట్టలేదు.

అప్పటినుంచి రోజూ కాస్త కాస్తగా చెప్పేవారు. వెండి నాణేలమీద పెత్తనం రోములో ఉన్న చక్రవర్తిదట. కంచు నాణెం ఊరిది, దానిమీద ఊరు తన గొప్ప చెప్పుకోవచ్చట. ఆ గొప్ప ఏమిటంటే చక్రవర్తికి గుడి కట్టి పూజించే హక్కు. అది అందరికీ దొరకదు. రోముకు మనుషుల్ని పంపి, కాళ్ళావేళ్ళా పడి తెచ్చుకోవాలి. దొరికిన ఊరికి నియోకొరోస్ అని బిరుదు. అసలు మాటకు అర్థం గుడి ఊడ్చేవాడని. అంత అర్థమున్న బిరుదును ఊళ్ళు కిరీటంలా నెత్తిన పెట్టుకుని నాణేలమీద ముద్రించుకున్నాయి. రెండో గుడికి అనుమతి వస్తే రెండుసార్లు నియోకొరోస్, మూడోది వస్తే మూడుసార్లు. ఒకవైపు చక్రవర్తి ముఖం, రెండోవైపు వేలిగోరంత గుళ్ళు పక్కపక్కన. పెర్గముకు రెండో గుడి వచ్చిందని ఎఫెసుకు నిద్ర పట్టేది కాదట. ఆసియాలో మొదటి ఊరు మేమంటే మేమని ఎఫెసూ స్ముర్నా కొట్టుకుంటుంటే ఒక చక్రవర్తి స్వయంగా ఉత్తరం రాసి సర్దిచెప్పాల్సి వచ్చిందట.

ఒక్క రాజు కోసం ఇన్ని ఊళ్ళకు ఇంత కుళ్ళెందుకండీ అని ఆమె నవ్వింది. రాజు ఒక్కడే కాబట్టి అన్నారాయన.

ఆ రోజు ఆమె ఊడుస్తూనే వింటోంది. అయితే నేనూ నియోకొరోస్‌నే అంది. ప్రొఫెసరుగారు ముఖంలో బతికున్న సగంతో పగలబడి నవ్వారు. ఆ తర్వాత ఆమె గదిలోకి అడుగుపెడితే చాలు, నా నియోకొరోస్ వచ్చిందనేవారు. ఇంటికెళ్ళి భర్త జ్ఞానదాసుకు చెబితే, "గుడి ఊడ్చేదానివని మన పాస్టరుగారికి మాత్రం చెప్పకు" అని ఆటపట్టించాడు. ఆమెకు మాత్రం ఆ పిలుపు నర్సింగ్ పాసైన రోజుకంటే గర్వంగా ఉండేది.

ఒక్కసారే ఆయన ఆమెమీద కేకలేశారు. ఒక నాణెంమీద మురికి ఉందనుకుని తడిగుడ్డతో తుడవబోయింది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఆ మంచం అదిరేట్టు అరిచారు. తర్వాత తానే ఆమె చెయ్యి పట్టుకుని నెమ్మదిగా చెప్పారు. ఆ నలుపూ ఆ పసరూ మురికి కాదు, మట్టిలో వందల ఏళ్ళు పడుకుని కంచు సంపాదించుకున్న చర్మం. దాన్ని గీకితే సన్నటి అక్షరాలూ అరిగిపోతాయి. కడగకూడదు, తోమకూడదు, తడి తగలనివ్వకూడదు. ఈ మాట నీకొక్కదానికే చెబుతున్నాను, ఎందుకంటే వీటిని ముట్టుకునేది నువ్వొక్కదానివే అన్నారు. ఆ తిట్టును కూడా ఆమె బహుమానంలా దాచుకుంది.

అలాంటి చోటికి సోఫియా వచ్చింది.

సోఫియాది ఏలూరు. ఇక్కడ చదువు ముగించుకుని ఉద్యోగం కోసం తిరుగుతుంటే చర్చిలో పరిచయమై, ఆంటీ ఆంటీ అంటూ వెనకాలే తిరిగేది. రెస్ట్ హోమ్‌లో ఉద్యోగం ఇప్పించింది ప్రేమజ్యోతే. మనిషిని నొప్పి తెలియకుండా పక్కకు ఎలా తిప్పాలో, మంచంమీంచి ఎత్తే హాయిస్ట్‌లోకి ఎలా ఎక్కించాలో, మొండికేసిన ముసలామెతో మందులెలా మింగించాలో అన్నీ దగ్గరుండి నేర్పింది. ప్రొఫెసరుగారి గదికీ తానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఎవరో చేశారనడానికి కూడా లేదు.

మొదట్లో పిల్లకు ఆయన మాట ఒక్కటీ అర్థమయ్యేది కాదు. అది ప్రేమజ్యోతికి ఎంతో హాయిగా ఉండేది. కానీ సోఫియా సిగ్గుపడే రకం కాదు. తోచింది అడిగేసేది. ఆయన నీళ్ళంటే కిటికీ అంటున్నారా అనేది. కిటికీ అంటే నా పెళ్ళి గురించా అనేది. ఆయన కాదు కాదని తల ఊపుతూ, మళ్ళీ చెబుతూ, మళ్ళీ తప్పు వింటూ, చివరికి ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. ఆ నవ్వు మొదటిసారి కారిడార్లో వినబడ్డప్పుడు ప్రేమజ్యోతి చేతిలో టీ ట్రే ఉంది. అది పట్టుకుని తలుపు బయటే నిలబడిపోయింది. తాను ఆయన సగం మాట అనేలోపే అందుకుని తెచ్చిపెట్టేది. తన దగ్గర ఆయనకు రెండోసారి చెప్పాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు. మరి తనతో ఎప్పుడూ ఇంతసేపు నవ్వలేదేం? టీ చల్లారిపోయింది. లోపలికెళ్ళి, ఆయనకు బీపీ ఉంది, అంత నవ్వించకూడదని సోఫియాను మందలించింది. పిల్ల నిజమేననుకుని సారీ చెప్పింది.

తర్వాత్తర్వాత కళ్ళల్లో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో ప్రేమజ్యోతికి బాగా తెలిసొచ్చింది. ఆయన షర్ట్ ఎవరు వేశారో బొత్తాలను బట్టి కనిపెట్టేది. తాను లేనప్పుడు ఎవరు ముందు పలకరించారో, ఎంతసేపున్నారో ఆరా తీసేది. రోస్టర్ చేతికొస్తే తన పేరుకంటే ముందు సోఫియా పేరు వెతికేది. ఇంటి దగ్గర జ్ఞానదాసు ఆ పిల్లను భోజనానికి పిలవమంటే, "ఎప్పుడూ మనమేనా పిలిచేది" అని విసుక్కుంది. బస్సు నడిపి అలసి వచ్చిన జ్ఞానదాసు కంచం ముందుకు లాక్కున్నాడు.

ఒకరోజు ఆమె గదిలోకి వెళ్ళేసరికి పళ్ళెం సోఫియా ఒళ్ళో ఉంది. ప్రొఫెసరుగారు సంబరంగా ప్రేమజ్యోతికేసి చూసి, ఇప్పుడు నాకు ఇద్దరు నియోకొరోస్‌లు అన్నారు. ఏమంటున్నారు ఆంటీ అని సోఫియా అడిగింది. కాఫీ అడుగుతున్నారు, తీసుకురా అని పంపించేసింది. ఆయన తప్పు పట్టలేదు. నవ్వారంతే. ఆ నవ్వుకు ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇలా ఉండగా, నాణేలను తాను పాఠం చెప్పిన యూనివర్సిటీకి ఇచ్చేద్దామని ప్రొఫెసరుగారు నిర్ణయించుకున్నారు. తన తర్వాత పిల్లలు చూసి చదువుకుంటారని ఆయన ఆశ. అక్కడినుంచి ఒక మేడమ్ వచ్చి తీసుకుంటుంది. లౌంజ్‌లో మార్నింగ్ టీ, స్కోన్లనే చిన్న కేకులు, అందరిముందూ ఆయన నాలుగు మాటలు చెబుతారు. ఎవరు ఏం చేయాలో మేనేజరు అడిగితే, జ్యోతి నా మాట చెబుతుంది, సోఫీ నాణేలు చూపిస్తుంది అన్నారు. ఆ మాటను స్పష్టమైన ఇంగ్లీషులో మేనేజరుకు చెప్పాల్సింది ప్రేమజ్యోతే. చెప్పింది. మాట పొల్లుపోకుండా చెప్పి, బాత్రూంలోకి వెళ్ళి పంపు తిప్పి నీళ్ళ చప్పుడులో ఏడ్చింది. పెట్టె తెరిచే చెయ్యి ఇన్నేళ్ళూ తనది. మాట చెప్పడమంటే పక్కన నిలబడడం. చూపించడమంటే అందరి కళ్ళూ నీ చేతులమీద ఉండడం.

ముందురోజు మధ్యాహ్నం ఆమె డ్యూటీ దిగే వేళకు సోఫియా ఎక్కింది. స్టాఫ్ రూమ్‌లో వాళ్ళిద్దరే ఉన్నారు.

"ఆంటీ, రేపు యూనివర్సిటీ మేడమ్ వస్తుంది కదా. ఆ కాయిన్స్ చూస్తే నాకే సిగ్గుగా ఉంది. మకిలి పట్టేసి రాజు ముఖం కూడా కనబడ్డంలేదు. మనింట్లో కంచు గిన్నెలకి చేసినట్టు చింతపండేసి తోమేద్దామా? తాతగారు పడుకున్నాక చేస్తే ఆయనకు సర్‌ప్రైజ్‌గా ఉంటుంది."

వద్దు అనడానికి రెండక్షరాలు చాలు. అవి ఆమె నాలుక చివరిదాకా వచ్చాయి. వచ్చి అక్కడే ఆగిపోయాయి. మంచం అదిరేట్టు ఆయన అరిచిన అరుపు ఆమె చెవుల్లో వినబడింది. ఈసారి ఆ అరుపు సోఫియా మీద పడుతుంది. ఆ పిల్లను ఇక పెట్టె దగ్గరికి రానివ్వరు. జ్యోతిని పిలవండి అంటారు.

"ఉత్త చింతపండుకు పోదు," అంది ప్రేమజ్యోతి. "రాళ్ళుప్పు కూడా వెయ్యి. కాసేపు నాననిచ్చి తోము."

"చింతపండు ఇప్పుడెక్కడ దొరుకుతుందాంటీ? నా షిఫ్ట్ స్టార్ట్ అయిపోయింది."

నిన్న రిక్కార్టన్‌లో కొన్న సరుకులు ఇంకా కారు డిక్కీలోనే ఉన్నాయి. ప్రేమజ్యోతి వెళ్ళి చింతపండు పొట్లం తెచ్చి పిల్ల చేతిలో పెట్టింది. కారు దాకా వెళ్ళడానికీ రావడానికీ మధ్య మనసు మార్చుకోవడానికి బోలెడంత దారి ఉంది. ఎండగా ఉంది, నార్‌వెస్టర్ వేడిగాలి కొడుతోంది, పార్కింగ్‌లో మరో మనిషి లేడు. ఆ దారంతా ఆమె ఆలోచించింది ఒక్కటే, పొట్లం విప్పి కొంచెం ఇస్తే సరిపోతుందా, మొత్తం కావాలా అని. మొత్తం ఇచ్చేసింది. సోఫియా ఆమెను వాటేసుకుని థ్యాంక్స్ చెప్పింది.

సాయంత్రం ఫోన్ రెండుసార్లు చేతిలోకి తీసుకుంది. నేనేం చెడు చెప్పానా, అడిగితే చెప్పాను, తోమాలన్న ఆలోచన దానిదే కదా అని తనకు తానే వకాల్తా పుచ్చుకుంది. జ్ఞానదాసు ప్రార్థన చేస్తుంటే కళ్ళు మూసుకుని కూర్చుని, చివర ఆమేన్ మాత్రం గట్టిగా అంది.

మర్నాడు లౌంజ్ నిండిపోయింది. వీల్‌చెయిర్లు, వాకర్లు, స్కోన్ల మీద క్రీమ్, అందరికీ పండగలా ఉంది. ప్రొఫెసరుగారికి టై కట్టారు. యూనివర్సిటీ మేడమ్ ఆయన పాత విద్యార్థినేనట, చెయ్యి పట్టుకుని వదల్లేదు. ప్రేమజ్యోతి ఆయన ఎడమపక్కన నిలబడింది. సోఫియా కొత్త చుడీదార్ వేసుకుని, పెట్టెను పసిపిల్లను మోసినట్టు మోసుకొచ్చింది. ఆ పిల్ల వేళ్ళు చింతపండు పులుపుకు పొట్టు లేచి ఉన్నాయి. ఎంతసేపు తోమిందో.

మూత తీసింది. నాణేలు నిన్న మొన్న దుకాణంలో కొన్నట్టు పసుపుపచ్చగా, ఎర్రగా ధగధగా మెరిశాయి. చుట్టూ కూర్చున్న ముసలివాళ్ళంతా ఆహా అన్నారు. మేడమ్ ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. ఆమె నోరు తెరవబోయి ప్రొఫెసరుగారి వైపు చూసింది.

ఆయన చాలాసేపు పళ్ళెంలోకి చూశారు. ఎడమచేత్తో ఒక నాణెం తీసి బొటనవేలితో రెండువైపులా తడిమారు. ఎఫెసుది అది. వేలిగోరంత గుళ్ళు ఉండాల్సిన చోట వేలు అటూ ఇటూ తిరిగి ఆగింది. ఇప్పుడు అరుస్తారు, ఇదుగో ఇప్పుడు అరుస్తారు అనుకుంది ప్రేమజ్యోతి.

ఆయన అరవలేదు. తలెత్తి సోఫియాను చూశారు. పిల్ల ముఖం వెలిగిపోతోంది. ఆ ముఖాన్ని చూసి, ఆమె పొట్టు లేచిన వేళ్ళను చూసి, ఆ చేతిమీద చెయ్యి వేశారు. ఏదో చెప్పారు.

"ఏమన్నారు జ్యోతీ?" అంది మేనేజరు.

చెప్పాల్సింది ప్రేమజ్యోతే. ఎఫెసు వీధుల్లో మొదటిరోజు ఇలాగే మెరిసి ఉంటాయి, ఇన్ని వందల ఏళ్ళలో ఇలా చూసే అదృష్టం నాకొక్కడికే దక్కింది, సోఫీకి నా కృతజ్ఞతలు అని ఆయన అన్న ప్రతి మాటా ఆమె నోటితో, ఇంగ్లీషులో, అందరికీ వినబడేట్టు పలకాల్సి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. మేడమ్ కూడా ఒక్క క్షణం తటపటాయించి, కొట్టింది. సోఫియా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ప్రొఫెసరుగారు ఆ పిల్ల చేతిని పెదవులకు ఆనించుకున్నారు.

ఇన్నేళ్ళలో తన చేతికి ఆ భాగ్యం దక్కలేదు.

దాన్ని తిట్టించడానికి తాను పన్నిన పన్నాగం దానికే పల్లకీ అయింది. చింతపండు ఎవరిది? ఉప్పు వెయ్యమన్నదెవరు? ప్రేమజ్యోతికి ఇంకేమీ కనబడలేదు. చప్పట్లు ఆగకముందే, గొంతు పెంచి, అందరివైపూ తిరిగి, ఆ ఆలోచన నాదే అంది. చింతపండు నేనే ఇచ్చాను, ఉప్పు కలపమని నేనే చెప్పాను, సోఫియా ఊరికే తోమిందంతే అంది. అందరూ ఆమెకూ చప్పట్లు కొట్టారు. సోఫియా సంతోషంగా అవునవునని తల ఊపింది.

ప్రొఫెసరుగారు తల మెల్లగా ఆమె వైపు తిప్పారు. ముఖంలో కదిలే సగం కూడా కదలడం మానేసింది. ఆయన మెచ్చుకున్నది నాణేలను కాదు, తెలియక ప్రేమతో చేసిన పిల్లను పదిమందిలో కాపాడుకున్నారు అని ప్రేమజ్యోతికి అప్పుడు అర్థమైంది. తెలిసి చేయించినవాళ్ళు ఆ గదిలో ఒకరున్నారని ఆయనకు ఈ క్షణం దాకా తెలియదు. తానే చెప్పింది, గొంతు పెంచి మరీ చెప్పింది.

ఆయన ఒక చిన్న మాటన్నారు. చప్పట్లు ఆగిపోయి ఉన్నాయి కాబట్టి అందరికీ వినబడింది, ఎవరికీ అర్థం కాలేదు. ఏమన్నారు జ్యోతీ అని మేనేజరు మళ్ళీ అడిగింది. కప్పులు పట్టుకున్నవాళ్ళు కప్పులు పట్టుకుని ఆగారు. ఆ మాట తెలిసింది ఆ గదిలో తనకొక్కదానికే. బాగుందన్నారని చెప్పినా నమ్ముతారు. మంచినీళ్ళు అడుగుతున్నారన్నా నమ్ముతారు. ఆయన మాత్రం ఆమె నోటివైపే చూస్తూ కూర్చున్నారు.

"ఏమంటున్నారు ఆంటీ?" అంది సోఫియా తెలుగులో.

"నీకు తెలుసు కదా, అంటున్నారు."

సోఫియా పళ్ళేన్ని రెండు చేతులా దగ్గరికి తీసుకుంది. నాణేలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి. పిల్ల ఆయన ముఖం చూసింది, మేడమ్ ముఖం చూసింది, అప్పటికి ఏదో తప్పు జరిగిందని దానికీ తెలిసింది. "నాకా? నాకేం తెలుసాంటీ? నేనేం చేశాను?"

అవునని తల ఊపితే సరిపోతుంది. అది కూడా అక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ప్రేమజ్యోతి ఆ పిల్ల చేతుల్లోంచి పళ్ళెం అందుకుంది.

"నీకు కాదమ్మా," అంది. "నాకు."